ఇంటిలోని నాకా

సికింద్రాబాదు నుండి ఉప్పలునకు పోవు మార్గమున తార్నాక యను కూడలి కలదు. తార్ అనగా తీగ. నాకా అనగా వచ్చిపోవువారిని తనిఖీ చేయు స్థలము. పూర్వమొకప్పుడు ఇచట తీగ కంచెయు, దానికొక నాకాయు ఉండెడివనియు, అందువలననే ఈ పేరు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. ఇప్పుడా కంచె లేదు. 2017వ సంవత్సరము నుండి మెట్రో రైలు తార్నాక మీదుగా పోవుచున్నది. అయినను ఈ పేటలోని కొన్ని ఇండ్లలో తీగయు, నాకాయు నేటికిని కలవు. ఆ తీగ కంప్యూటరు తీగ. ఆ నాకా ఫైర్‌వాల్ అను యంత్రము. మా ఇంట అట్టిది యొకటి ఉన్నది. అది ఒక రాత్రి మొరాయించిన తీరును, మా మనుమరాలు దానిని దారికి తెచ్చిన తీరును ఇచట చెప్పెదను.

ఒక భాగమున పుట్టిన మంట ప్రక్క భాగమునకు ప్రాకకుండ భవనముల నడుమ కట్టెడు గోడకు ఆంగ్లమున ఫైర్‌వాల్ అని పేరు. కంప్యూటరు పండితులు ఆ పేరునే తీసికొనిరి. మా ఇంటి ఫైర్‌వాల్ అంగడిలో కొన్న వస్తువు కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్న మా మనుమరాలు, అటకమీద పడియున్న పాత కంప్యూటరును దింపి, దుమ్ము దులిపి, దానిలో లినక్సు అను వ్యవస్థను నెలకొల్పి, తానే తయారు చేసినది. దానికి రెండు నెట్‌వర్కు కార్డులున్నవి. ఒక్కొక్క కార్డు ఒక్కొక్క ద్వారము వంటిది. ఈ ద్వారమునే ఇంటర్‌ఫేసు అందురు. బయటి ద్వారమునకు బ్రాడ్‌బ్యాండు వారి పెట్టె నుండి వచ్చు తీగ తగిలింపబడును. లోపలి ద్వారము నుండి మా ఇంటి కంప్యూటర్లకును, మేడమీద అద్దెకున్న విద్యార్థుల కంప్యూటర్లకును తీగలు పోవును. సమాచారమంతయు ప్యాకెట్లు అను చిన్నచిన్న పొట్లములుగా ఈ రెండు ద్వారముల గుండ పోవలసినదే. ఏ పొట్లమును విడువవలెనో, దేనిని ఆపవలెనో ఆ యంత్రము చూచుకొనును.

ద్వారములున్నంత మాత్రమున చాలదు. వచ్చిన పొట్లము ఎటు పోవలెనో తెలియవలెను గదా! తార్నాక కూడలిలో నిలిచిన పోలీసువానిని తలచుకొనుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు దారి యేదని యడిగినచో దక్షిణమునకు చేయి చూపును. లాలాపేటకన్నచో ఉత్తరమునకు, హబ్సిగూడకన్నచో తూర్పునకు చూపును. తానెరుగని ఊరి పేరు ఎవరైన చెప్పినచో, “సికింద్రాబాదు స్టేషనుకు పొమ్ము, అచట చెప్పుదురు” అనును. కంప్యూటరు లోపల కూడ ఇట్టి దారుల పట్టిక యొకటి ఉండును. ఈ సంఖ్య గల చిరునామాలకు ఈ ద్వారము, ఆ సంఖ్య గల వానికి ఆ ద్వారము అని దానిలో పంక్తులు వ్రాసియుండును. ఏ పంక్తికిని చెందని చిరునామాలకై, “తక్కినవన్నియు ఇటు” అని చివర ఒక పంక్తి యుండును. ఆ చివరి పంక్తిలో చెప్పబడిన పొరుగు యంత్రమునే గేట్‌వే అందురు. మన సికింద్రాబాదు స్టేషను వంటిదన్నమాట.

ఇంక చిరునామాల సంగతి. 1981లో స్థిరపడిన పద్ధతిలో ప్రతి చిరునామాయు నాలుగు సంఖ్యల కూర్పు. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. ఇట్టి కూర్పులు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. లోకములోని యంత్రముల కన్నిటికిని ఇవి చాలవు. కావున 1996లో కొన్ని సంఖ్యలను ఇండ్లకును, కార్యాలయములకును సొంత వాడుకకై విడిచిపెట్టిరి. 10తో మొదలగునవి, 172.16 మొదలు 172.31 వరకు గలవి, 192.168తో మొదలగునవి — ఈ మూడు గుంపులను ఎవరైనను తమ ఇంటిలోపల వాడుకొనవచ్చును. బయట మాత్రము ఇవి చెల్లవు. ఈ నిర్ణయమును ప్రకటించిన పత్రము సంఖ్య 1918. ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడిన సంవత్సరము కూడ 1918. ఈ రెంటికిని ఏ సంబంధమును లేదు. అయినను పరీక్షకు గుర్తుంచుకొనుటకు అనుకూలమని మా మనుమరాలు చెప్పినది.

సొంత చిరునామా బయట చెల్లనిచో ఇంటిలోనివారు బయటివారితో ఎట్లు మాటలాడుదురు? విశ్వవిద్యాలయపు వసతి గృహములను చూడుడు. ప్రతి వసతి గృహమునను 14వ గది ఉండును. కేవలము “14వ గది” అని వ్రాసిన జాబు ఎవరికిని చేరదు. గుమస్తా యొకడు ద్వారమున కూర్చుండి, 14వ గదివాడు పంపు జాబుపై వసతి గృహపు చిరునామాను వ్రాసి, ఎవరు ఎవరికి పంపినదియు తన పుస్తకమున గుర్తు వేసికొనెననుకొనుడు. ప్రత్యుత్తరము వసతి గృహమునకు వచ్చును. గుమస్తా పుస్తకము చూచి దానిని 14వ గదికి పంపును. ఇంటి ఫైర్‌వాల్ ఈ గుమస్తా పనిని కూడ చేయును. లోపలివాని చిరునామాను చెరిపి తన బయటి చిరునామాను వేయును. తిరిగివచ్చినదానిని పుస్తకము చూచి లోనికి పంపును. ఈ గుమస్తాను మరవకుడు. కథలో వీనితో పని యున్నది.

ఆ దినము మధ్యాహ్నము బ్రాడ్‌బ్యాండు పనివాడొకడు వచ్చి, పాత పెట్టె తీసివేసి క్రొత్త పెట్టెను గోడకు బిగించి పోయెను. సాయంకాలము ఏడు గంటలకు మా మనుమరాలు కళాశాల నుండి వచ్చి చూచుసరికి ఇంట ఏ కంప్యూటరునకును ఇంటర్నెట్టు లేదు. మరునాటి ఉదయము ఎనిమిది గంటలకు ఆమెకు ఉన్నత విద్య ప్రవేశమునకై మౌఖిక పరీక్ష కలదు. అది కంప్యూటరు ద్వారానే జరుగవలెను. ఫోనుతో సరిపెట్టుకొమ్మని ఇంట కొందరు సలహా యిచ్చిరి. మా ఇంటి గోడలు పాతకాలపువి, మిక్కిలి మందమైనవి. లోపలి గదిలో ఫోను సంకేతము రెండు నిమిషములు నిలిచిన, మూడవ నిమిషమున పోవును. “ఆ పాత డబ్బాను ఊడబెరికి తీగను నేరుగా తగిలించరాదా?” అని మరియొకరనిరి. తన చేతితో చేసినదానిని డబ్బా యనుట ఆమెకు కష్టము తోచినది.

తొందరలో ఆమె చేసిన పనులను దాచక చెప్పవలెను. తీగలన్నియు ఊడదీసి మరల తగిలించినది. యంత్రమును మూడు పర్యాయములు ఆపి నడిపినది. రక్షణ నియమములను సడలించి చూచినది. ఫలితము లేక మరల బిగించినది. ఒక గంట గడచుసరికి తాను ఏవి మార్చినదియు, ఏవి మార్చనిదియు ఆమెకే తెలియలేదు. నాకు కంప్యూటరు విద్య రాదు. కాని లెక్క తప్పిన పిల్లవానిని నలుబది యేండ్లు చూచినవాడను. కాగితమును, కలమును తెచ్చి ఆమె ముందు పెట్టి, “అమ్మా, ఇంక ఒక్కొక్కటే చేయుము. చేయుటకు ముందు ఏమి జరుగునని నీవు తలచుచున్నావో వ్రాయుము, చేసిన పిమ్మట ఏమి జరిగినదో వ్రాయుము” అంటిని. ఆమె విసుగుకొనెను గాని కలము పట్టినది.

మొదటి ప్రశ్న తీగను గూర్చి. కార్డు ప్రక్క చిన్న దీపమున్నది. అటు చివర యంత్రము సజీవముగా ఉన్నచో ఆ దీపము వెలుగును. రెండు దీపములును వెలుగుచుండెను. కాని దీపము వెలిగిన మాత్రమున సరియైన తీగ సరియైన ద్వారమున ఉన్నదని చెప్పరాదు. యంత్రము తన ద్వారములకు పేర్లు పెట్టుకొనును. ఏ పేరు ఏ రంధ్రమునకు చెందినదో పైకి కానరాదు. క్రొత్త కార్డు చేర్చినప్పుడు ఈ పేర్లు ఒక్కొక్కమారు మారిపోవుటయు కలదు. దీనిని కనుగొను ఉపాయము సులభము. ఒక తీగను ఊడదీసి, ఏ పేరుగల ద్వారము మూతపడినదని యంత్రము చెప్పునో చూడవలెను. ఆమె అట్లు చూచినది. తీగలు తారుమారైయున్నవి! పనివాని దోషము కాదు. ఏడు గంటల తొందరలో ఆమె చేసినదే. తీగలను మార్చి, ప్రతి రంధ్రము ప్రక్కను కాగితపు ముక్కపై “బయట”, “లోపల” అని వ్రాసి అంటించినది. తొమ్మిదిన్నర అయ్యెను. ఇంటర్నెట్టు మాత్రము రాలేదు.

రెండవ ప్రశ్న చిరునామాను గూర్చి. లోపలి ద్వారము చిరునామా ఎప్పటివలె 192.168.1.1. బయటి ద్వారమునకు చిరునామాను క్రొత్త పెట్టెయే ఇచ్చియున్నది: 192.168.1.5. ఆమె రెంటిని కాగితముపై వ్రాసి, “చిరునామా వచ్చినది, బాగుగనే యున్నది” అని ముందునకు సాగెను. నేనును తల యూపితిని. ఇక్కడనే మేమిరువురమును పొరబడితిమి.

మూడవ ప్రశ్న పొరుగువానిని గూర్చి. పొరుగు యంత్రము పలుకుచున్నదా లేదా యని తెలిసికొనుటకు పింగ్ అను చిన్న సాధనము కలదు. అమెరికా దేశమున మైక్ మ్యూస్ అను నతడు 1983 డిసెంబరులో దీనిని వ్రాసెను. జలాంతర్గామిని వెదకు నావికులు నీటిలోనికి ధ్వనిని పంపి, అది తగిలి మరలివచ్చు చప్పుడును విందురు. ఆ చప్పుడే ఈ సాధనమునకు పేరైనది. ఒక ప్యాకెట్టును పంపి, బదులు ఎంత కాలమునకు వచ్చునో ఇది చెప్పును. క్రొత్త పెట్టె తనను గేట్‌వేగా 192.168.1.1 అని చెప్పుకొనియుండెను. ఆమె ఆ సంఖ్యకు పింగ్ చేసెను. వెంటనే బదులు వచ్చినది.

“తాతయ్యా, గేట్‌వే పలుకుచున్నది! తీగ బాగున్నది, చిరునామా బాగున్నది, పొరుగువాడు పలుకుచున్నాడు. మరి లోపమెక్కడ?” అని ఆమె కాగితమును నా వైపు త్రోసెను.

నేను కాగితము చూచితిని. నాకర్థమైనవి అంకెలు మాత్రమే. బదులు వచ్చిన కాలము 0.04 మిల్లీసెకను అని ఆమె వ్రాసియున్నది. ఎప్పుడును ఇంతేనా యని యడిగితిని. ఆమె పాత పుస్తకము తీసి చూచెను. మునుపు ప్రక్క గదిలోని కంప్యూటరునకు పింగ్ చేసినప్పుడు అర మిల్లీసెకనుకు పైగా పట్టినది. తీగ మీద పోయి తిరిగి వచ్చిన ప్యాకెట్టుకు అంత కాలము పట్టగా, దీనికి అందులో పదవ వంతు కూడ పట్టలేదు. ఆమె కొంతసేపు ఆ అంకెను చూచుచు మిన్నకుండెను. పిమ్మట నవ్వి, “పలికినది పొరుగువాడు కాదు, తాతయ్యా. నా యంత్రమే తనకు తాను బదులు చెప్పుకొనుచున్నది” అనెను.

సంగతి యేమనగా: 192.168.1.1 అనునది మా ఫైర్‌వాల్ లోపలి ద్వారపు సొంత చిరునామా. క్రొత్త పెట్టె చిరునామాయు అదియే. ఆ సంఖ్య కనబడగానే యంత్రము, “ఇది నేనే గదా!” అని ప్యాకెట్టును బయటికి పంపకయే బదులు చెప్పినది. దారుల పట్టికను తెరచి చూడగా ఇంకను స్పష్టమైనది. ఇట్టి చిరునామాలలో మొదటి మూడు సంఖ్యలు వీధి వంటివి, చివరిది ఇంటి సంఖ్య వంటిది. తార్నాకలో వీధులకు సంఖ్యలే పేర్లు కావున ఇచటివారికి ఇది సుబోధము. మా పట్టికలో 192.168.1 అను వీధి లోపలి ద్వారము వైపున ఉన్నదని ఒక పంక్తి, అదే వీధి బయటి ద్వారము వైపున ఉన్నదని మరియొక పంక్తి! కూడలిలో తూర్పునను, పడమటను “హబ్సిగూడ” అనియే పలకలు నాటినచో బండివాడు ఏమగునో ఊహించుకొనుడు. ఇంక “తక్కినవన్నియు ఇటు” అను పంక్తి యైతే పట్టికలో లేనేలేదు. తన సొంత చిరునామాను తనకే పొరుగువానిగా వ్రాసికొనుటకు యంత్రము ఒప్పుకొనలేదు.

మునుపు ఈ చిక్కు ఏల రాలేదు? పాత పెట్టె తాను నడుమ జోక్యము కలిగించుకొనక, బ్రాడ్‌బ్యాండు వారిచ్చు చిరునామాను మా ఫైర్‌వాల్‌కే అందించుచుండెను. అది 100తో మొదలగుచుండెడిది. ఇంటర్నెట్టు సరఫరాదారులు తమ వాడుకదారులకు పంచి యిచ్చుటకై 100.64 మొదలు 100.127 వరకు గల సంఖ్యలను 2012లో ప్రత్యేకించిరి. క్రొత్త పెట్టె యట్లు కాదు. తానే యొక చిన్న ఇంటికి యజమానినని తలచి, తన క్రింది యంత్రములకు 192.168.1 వీధిలో చిరునామాలను పంచుచున్నది. ఈ వీధి సంఖ్యను ఎందరో తయారీదారులు మొదటినుండియే తమ పెట్టెలలో వ్రాసి పంపుదురు. అందువలన ఈ విధమైన ఢీకొనుట ఇండ్లలో తరచుగా జరుగునది. పాత పద్ధతికి త్రిప్పుటకు పెట్టె సంకేతపదము కావలెను. ఆ రాత్రివేళ దానినిచ్చువారు లేరు. మార్గమొక్కటే — మా ఇంటి వీధి పేరును మేమే మార్చుకొనవలెను. ఆమె లోపలి వీధిని 192.168.50గా మార్చి, ఫైర్‌వాల్ లోపలి ద్వారమునకు 192.168.50.1 అని పేరు పెట్టి, యంత్రమును మరల నడిపినది.

ఈ పర్యాయము గేట్‌వే నుండి బదులు ఒక మిల్లీసెకనుకు వచ్చినది. ఆలస్యమైనందుకు ఎవరైన సంతోషించుట నేను అప్పుడే చూచితిని. ఫైర్‌వాల్ నుండి దూరముననున్న 8.8.8.8 అను చిరునామాకు పింగ్ చేయగా దానినుండియు బదులు వచ్చినది. “అయిపోయినది” అని ఆమె లోపలి గదిలోని తన కంప్యూటరును తెరచెను. అది క్రొత్త వీధిలో 192.168.50.23 అను చిరునామాను తీసికొన్నది గాని, ఇంటర్నెట్టు మాత్రము లేదు. గడియారము పదకొండు కొట్టెను.

ఫైర్‌వాల్‌కు అందునది దాని వెనుకనున్న కంప్యూటరునకు ఏల అందదు? ఇచట రెండు కారణము లుండవచ్చును. లినక్సు యంత్రము తనంతట తాను ఒక ద్వారమున వచ్చిన ప్యాకెట్టును రెండవ ద్వారమున పంపదు. పంపుమని ప్రత్యేకముగా ఆజ్ఞాపింపవలెను. ఆ ఆజ్ఞ సరిగనే యున్నదని ఆమె చూచినది. రెండవ కారణమును కనుగొనుటకు ద్వారముకడ చెవి యొగ్గి వినవలెను. టీసీపీడంప్ అను సాధనము ఆ పని చేయును; ద్వారము గుండ పోవు ప్రతి ప్యాకెట్టు ఎవరినుండి ఎవరికి పోవుచున్నదో పంక్తి పంక్తిగా చూపును. లోపలి ద్వారముకడ వినగా, 192.168.50.23 నుండి ప్యాకెట్లు వచ్చుచున్నవి. బయటి ద్వారముకడ వినగా, అవి పోవుచున్నవి. కాని ఒక్కటియు తిరిగి వచ్చుట లేదు.

బయటికి పోవు పంక్తులను ఆమె మరల చదివినది. పంపినవాని చిరునామా అచట కూడ 192.168.50.23 అనియే యున్నది! అది 192.168.1.5గా మారియుండవలసినది. మన గుమస్తా నిద్రపోవుచున్నాడు. ఏలయనగా అతనికి ఆమె పూర్వము వ్రాసియిచ్చిన ఆజ్ఞలో, “192.168.1 వీధినుండి వచ్చు జాబులపై మన బయటి చిరునామా వేయుము” అని యున్నది. వీధి పేరు మారినది, ఆజ్ఞ మారలేదు. గుమస్తా ఆజ్ఞను అక్షరాల పాటించి, 50వ వీధి జాబులను ముట్టుకొనక అట్లే పంపివేసెను. అవి బ్రాడ్‌బ్యాండు పెట్టెను చేరుచున్నవి. కాని బదులు ఇచ్చుటకు 192.168.50 అను వీధి ఎచటనున్నదో ఆ పెట్టెకు తెలియదు. పోవుటకు దారి యున్నది, వచ్చుటకు లేదు. దారులను గూర్చిన చిక్కులలో ఇది మిక్కిలి మోసకారి యని నా తలంపు. పోవు దారిని ఎంత శోధించినను లోపము కనబడదు. అది వచ్చు దారిలో ఉండును.

ఆజ్ఞలో ఒక సంఖ్యను దిద్దుటకు అర నిమిషము పట్టినది. లోపలి గదిలోని కంప్యూటరునకు బదులు వచ్చినది. పేర్లతో కూడ పరీక్షించినది; సంఖ్యకు బదులు వచ్చి పేరుకు రానిచో, పేర్లను సంఖ్యలుగా మార్చు సేవలో లోపమని తెలియును. ఆ లోపము లేదు. మేడమీది విద్యార్థులు మెట్లమీదికి వచ్చి, “వచ్చిందమ్మా, వచ్చింది!” అని కేక వేసిరి. తొందరలో సడలించిన రక్షణ నియమము లేవైన మిగిలినవేమో యని ఆమె కాగితముతో సరిచూచుకొని పరుండుసరికి పన్నెండున్నర దాటెను.

మరునాడు ఎనిమిది గంటలకు మౌఖిక పరీక్ష ఆరంభమై నలుబది నిమిషములు అంతరాయము లేక నడచినది. ఫైర్‌వాల్‌ను గూర్చి కూడ ఒక ప్రశ్న వచ్చెనట. ఏమి చెప్పితివని అడుగగా, “రాత్రి జరిగినదంతయు చెప్పితిని, తీగలు తారుమారైన సంగతి తప్ప” అనెను. పిమ్మట ఒక పత్రమును అచ్చు తీయబోగా ప్రింటరు పలుకలేదు. దానికి ఎన్నడో చేతితో వ్రాసిపెట్టిన చిరునామా ఇంకను పాత వీధిలోనే యున్నది. ఆమె కాగితమును వెదకి తెచ్చి, క్రింద మిగిలిన చోటున మరియొక పంక్తి వ్రాసి, ప్రింటరు ముందు కూర్చుండెను.